పాత వోల్వో 240 చలికి స్టార్టయి ఆగిపోతోంది: ఆక్సిలరీ ఎయిర్ వాల్వ్ మార్చాల్సిందేనా?

మార్చక్కర్లేదండీ, ముందు విప్పి కడిగి చూడండి. పొద్దున్నే చలికి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఆగిపోతోంది, వేడెక్కాక మాత్రం చక్కగా నడుస్తోంది అని రాశారు కదా. మా 1980 మోడల్ 240 కూడా అచ్చం ఇలాగే చేసేది. బీ21ఎఫ్ ఇంజిన్, పెట్రోలు చల్లేది బాష్ కే-జెట్రానిక్ ఇంజెక్షన్. మేముండేది అమెరికాలో క్లీవ్‌లాండ్ దగ్గర, చలికాలమంతా రోజూ ఇదే టెన్షన్.

ఒక్కటి మాత్రం చేయకండి. ఐడిల్ స్క్రూ (కాలు తీసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని సర్దేది) తిప్పి సర్దుకుపోవద్దు. మొదటి చలికాలం నేను అదే చేశాను. చలిలో ఆగడం తగ్గింది గానీ, వేడెక్కాక 900 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం 1,500కి పోయేది. సిగ్నల్ దగ్గర బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోవాల్సి వచ్చేది.

మన పాత అంబాసిడర్‌లో చోక్ లాగితే పెట్రోలు పాలు పెరిగేది. ఇక్కడ పని వేరు. ఈ ఆక్సిలరీ ఎయిర్ వాల్వ్ చల్లటి ఇంజిన్‌కి థ్రాటిల్‌ని (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి రెక్కని) తప్పించి అదనంగా గాలి పంపిస్తుంది. ఆ గాలి, గాలిని కొలిచే సెన్సర్ ప్లేటు దాటి వచ్చినదే కాబట్టి దానికి తగ్గ పెట్రోలు కూడా పడుతుంది, ఆర్‌పీఎం పెరుగుతుంది. లోపల రంధ్రమున్న చిన్న బిళ్ళ, వేడికి వంగి దాన్ని కదిపే బైమెటల్ (రెండు లోహాల) పట్టీ, ఆ పట్టీని వేడి చేసే కాయిల్, అంతే. నలభై ఏళ్ల ఆయిల్ ఆవిరి జిగురై ఆ బిళ్ళని పట్టేస్తుంది.

తప్పు దీనిదేనా అని తేల్చుకోవడం తేలిక. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వాల్వ్ గొట్టాన్ని ప్లయర్‌తో, మధ్యలో గుడ్డ పెట్టి, నొక్కండి. ఆర్‌పీఎం పడిపోవాలి. పడకపోతే వాల్వ్ మూసుకునే ఉందన్నమాట. బాగా వేడెక్కాక నొక్కితే తేడా రాకూడదు. అప్పుడు పడిపోతే తెరుచుకుని ఉండిపోయింది. కాయిల్‌కి కరెంటు ఫ్యూయెల్ పంప్ రిలే నుంచే వస్తుంది, అందుకే ఇంజిన్ నడుస్తుండగానే కనెక్టర్ దగ్గర 12 వోల్టులు చూడాలి. వాల్వ్ తెరుచుకుని ఉండిపోతుంటే ఇది తప్పకుండా చూడండి.

నేను చూపించిన గ్యారేజీలో వాల్వ్ పాడైంది, కొత్తది వేయాలన్నారు. ఇంటికొచ్చి విప్పి, టార్చి వేసి రంధ్రంలోకి చూస్తే వెలుగు చుక్క కూడా కనపడలేదు. కార్బ్ క్లీనర్ (కార్బ్యురేటర్ జిడ్డు వదిలించే స్ప్రే) కొట్టి ఒక రాత్రి వదిలేశాను. పొద్దున ఒంపితే టీ డికాషన్ రంగు నీళ్లు. మూడోసారి కడిగాక సన్నగా నెలవంకంత సందు కనిపించింది. ఆ క్షణం సంతోషం చెప్పలేను! పూర్తిగా ఆరాక రెండు చుక్కలు పల్చటి ఆయిల్ వేశాను. క్లీనర్ తడి ఉండగా మాత్రం బ్యాటరీ తగిలించకండి, మంట అంటుకుంటుంది.

తర్వాత పరీక్ష. గది వేడిలో, అంటే 20 డిగ్రీల దగ్గర, రంధ్రం దాదాపు సగం తెరిచి ఉండాలి. నాది పావు వంతే ఉంది. వాల్వ్‌ని సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టినా సగమే తెరుచుకుంది. అంటే జిగురు ఒక్కటే కాదు, సెట్టింగ్ కూడా పక్కకి జరిగిపోయింది. నా వాల్వ్‌కి బైమెటల్‌ని పట్టి ఉంచే నట్టు బయటికే ఉంది. మొదట ఉన్న చోట పెయింటుతో గుర్తు పెట్టుకుని, నట్టు కొంచెం వదులు చేసి, చిన్న సుత్తితో మెల్లగా తట్టాను. వెంట్రుకవాసి కదిలితే సందులో చాలా తేడా వస్తుంది, తొందరపడకండి. బిగించిన ప్రతిసారీ 12 వోల్టులు ఇచ్చి ఐదారు నిమిషాల్లో పూర్తిగా మూసుకుంటోందో లేదో చూశాను. నాలుగోసారికి కుదిరింది. ఎక్కువ తెరిస్తే చలిలో బాగుంటుంది కానీ వేడిలో మూసుకోదు, మళ్లీ పాత కథే.

తిరిగి బిగించేటప్పుడు గొట్టాలు కొత్తవి వేయండి. గట్టిపడి పగిలిన రబ్బరులోంచి కొలతకి అందని దొంగ గాలి లోపలికి దూరితే ఈ కష్టమంతా వృథా. ఐడిల్ స్క్రూని ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే, చివర్లో, సరిచేయండి.

గొట్టం నొక్కినప్పుడు ఏమైందో, కనెక్టర్ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయో ఇక్కడే రాయండి, అది చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.