యూరియా ఆర్గానిక్ పదార్థమేనా?

ప్రశ్న: ఎర్రగడ్డ రైతుబజారులో ‘ఆర్గానిక్’ అని అట్టముక్క మీద రాసి ఆకుకూరలు అమ్మే ఒక రైతు, తన మడిలో యూరియా గింజ కూడా పడదని గట్టిగా చెప్పాడు. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, యూరియా ఆర్గానిక్ పదార్థమేనని వాదించింది. ఎవరి మాట నిజం?
– ఒక గృహిణి, సనత్‌నగర్, హైదరాబాద్

జవాబు: ఇద్దరి మాటా నిజమే. రైతు చెప్పింది సాగు పద్ధతి గురించి. మీ అమ్మాయి చెప్పింది పదార్థం నిర్మాణం గురించి. రసాయన శాస్త్రంలో కార్బన్ ప్రధానంగా ఉండి, దానితో హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ వంటివి కలిసి ఏర్పడినవాటిని ఆర్గానిక్ సమ్మేళనాలంటారు. ఆ లెక్కన నెయ్యి, చక్కెర, పెట్రోలు, పాలిథిన్ సంచీ, చివరకు చాలా పురుగుమందులు కూడా ఆర్గానిక్ పదార్థాలే. (వంటసోడాలోనూ కార్బన్ ఉంది గాని, కార్బొనేట్లను ఈ కోవలో చేర్చకపోవడం ఆనవాయితీ.) తెలుగు మాధ్యమంలో ‘సేంద్రియ సాగు’, ‘కర్బన సమ్మేళనాలు’ అని వేర్వేరు మాటలతో చదువుకున్నవారికి ఈ చిక్కు అంతగా ఉండదు.

అసలు ‘ఆర్గానిక్’ అనే ఈ పేరు రావడానికి కారణం, జీవుల్లో దొరికే పదార్థాలు ప్రాణశక్తి వల్లనే పుడతాయనీ, వాటిని ప్రయోగశాలలో తయారు చేయడం అసాధ్యమనీ స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ వంటి హేమాహేమీలు నమ్మడమే. 1828లో జర్మన్ శాస్త్రవేత్త వోలర్ అమ్మోనియం సయనేట్ అనే లవణాన్ని తయారు చేయబోతే, చేతికి వచ్చిన తెల్లని స్ఫటికాలు మూత్రంలో ఉండే యూరియాగా తేలాయి. మూత్రపిండంతో పనిలేకుండానే యూరియా చేయగలనని ఆయన బెర్జీలియస్‌కే ఉత్తరం రాశాడు. ఆ నమ్మకం ఒక్కరోజులో పోలేదు గాని, పునాది కదిలింది అక్కడే. రామగుండంలో అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్‌ల నుంచి తయారయ్యే యూరియా అణువుకూ, మీ రైతు జీవామృతంలో కలిపే గోమూత్రంలోని యూరియా అణువుకూ రవ్వంత తేడా లేదు; ఆయన వద్దంటున్నది కర్మాగారపు బస్తాను.

కార్బన్‌కే ప్రత్యేక శాస్త్రం ఎందుకంటే, దాని ప్రతి పరమాణువూ నాలుగు బంధాలు ఏర్పరచుకోగలదు, తనలాంటి కార్బన్‌లతోనే గొలుసుగా, కొమ్మలుగా, వలయాలుగా అల్లుకుపోగలదు. అమరిక మారితే గుణమూ మారుతుంది. 2 కార్బన్, 6 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులను ఒక వరుసలో పేర్చితే శానిటైజర్‌లో వాడే ఇథనాల్ అవుతుంది, అది 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఆక్సిజన్‌ను రెండు కార్బన్‌ల నడుమకు జరిపితే డైమిథైల్ ఈథర్ అవుతుంది, అది మన గదిలో వాయువుగానే ఉంటుంది.

అమ్మాయికి చూపించాలంటే, మీరు దగ్గరుండి, పాత స్టీలు గరిటెలో చిటికెడు చక్కెర వేసి సన్నని సెగ మీద పట్టండి. అది కరిగి, తేనెరంగుకు తిరిగి, పొగలు కక్కి, చివరకు నల్లని బొగ్గుగా మిగులుతుంది. ఆ నలుపే చక్కెరలోని కార్బన్. అదే సెగ మీద ఉప్పు వేస్తే చిటపటలాడుతుందే తప్ప నల్లబడదు.