రస్కోల్నికోవ్ మారింది ఎక్కడ? (సమాధానం)

దోస్తోయెవ్‌స్కీ నవల ‘నేరము శిక్ష’ ముగింపు అతికించినట్టు ఉందనీ, చదివాక తీరని భారంలా అనిపించిందనీ అన్నారు. హత్య చేసిన కథానాయకుడు రస్కోల్నికోవ్ పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడు కాబట్టి పశ్చాత్తాపపడ్డాడనే మీరు అనుకున్నారు, ముగింపు అలా అనిపించడానికి కారణం బహుశా అదే.

1. ఒప్పుకోవడం వేరు, పశ్చాత్తాపం వేరు. 8 ఏళ్ల శిక్షపడి సైబీరియాకి వెళ్లాక కూడా అతని బాధ ఓడిపోయినందుకే, చంపినందుకు కాదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఉపసంహారం (నవల చివరి భాగం) రెండో అధ్యాయం నిదానంగా మళ్లీ చదవండి. జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఓ సాయంత్రం కిటికీలోంచి చూస్తే దూరంగా గేటు దగ్గర, అతన్ని ప్రేమించి సైబీరియాకి వెంట వచ్చిన సోన్యా, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంటుంది, అతని గుండెలో ఏదో గుచ్చుకుంటుంది. నా లెక్కలో మార్పు అక్కడే మొదలైంది, నది ఒడ్డున అతను ఏడవడం తర్వాతి సంగతి.

3. దిండు కింద ఉన్న సువార్త పుస్తకాన్ని చివర్లో కూడా తెరవడు. శిక్షలో ఇంకా 7 ఏళ్లు మిగిలే ఉన్నాయి. మీకు తీరని భారంలా అనిపించింది సరైనదే, అతనికీ అది తీరలేదు.