మామా, అమ్మా, నాన్నా? చందమామ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మనవరాలికి అన్నం పెడుతూ చందమామని చూపిస్తుంటే "మూన్ అంటే షీ అని మా మిస్ చెప్పింది, మరి మామ ఎలా అవుతాడు అమ్మమ్మా" అంటోంది. దానికి ఏం చెప్పను?
– ఒక అమ్మమ్మ, పాలకొల్లు

జవాబు: ఇద్దరూ కరెక్టేనని చెప్పండమ్మా. మన లెక్కేంటంటే పాలసముద్రం చిలికినప్పుడు లక్ష్మీదేవీ చంద్రుడూ అందులోంచే పుట్టారు, లక్ష్మి మనందరికీ అమ్మ, అమ్మ తోడబుట్టినవాడు మామ కాక ఇంకేమవుతాడు, అయినా క్షీరారామం ఊరివాళ్ళకి పాలసముద్రం గురించి నేను చెప్పాలా! ఈ వరస మనొక్కళ్ళమే కలుపుకోలేదు, ఒడియా వాళ్ళు జహ్నమాము అంటారు, మలయాళీలు అంబిళి అమ్మావన్ అంటారు, అమ్మావన్ అంటే మేనమామే.

మిస్ గారు చెప్పింది ఇంగ్లీషు కవుల పద్ధతి, ఎక్కువగా గ్రీకు, రోమన్ కథల్లోంచి వచ్చింది. గ్రీకుల సెలీనీ రథమెక్కి రాత్రంతా ఆకాశంలో తిరిగే దేవత, రోమన్లకి లూనా. అదే ఐస్‌లాండ్ వైపు పాత కథలు చూస్తే మొత్తం రివర్స్, చంద్రుడు మాని అనే మగాడు, సూర్యుడే ఆడపిల్ల, ఆవిడ పేరు సోల్, ఇద్దరి వెనకాలా తోడేళ్ళు పడి తరుముతుంటాయి పాపం. జపాన్‌లోనూ సూర్యుడు అమతెరాసు అనే దేవత, చంద్రుడు త్సుకుయోమి ఆవిడ తమ్ముడు.

ఇప్పుడు అసలు తమాషా వినండి. దక్షిణ అమెరికాలో ఇంకాల చంద్రదేవత పేరు మామా కిల్లా, వాళ్ళ కెచువా భాషలో మామా అంటే అమ్మ! ఇరాక్‌లో వేల ఏళ్ళ కిందట సుమేరియన్లు ఉన్న ఊర్ అనే నగరంలో చంద్రుడి పేరు నన్న. అంటే మామా అయ్యాడు, అమ్మా అయ్యాడు, నాన్నకి కూడా దగ్గరకొచ్చాడు, అదీ ఊర్ అనే ఊళ్ళో. అయితే ఇవి చూసి సుమేరియన్లు మనవాళ్ళేనని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేయకండి బాబూ, శబ్దాలు ఊరికే అలా కుదిరాయంతే.

ప్రశ్న: మా గునుపూడి సోమేశ్వరుడి పేరులో సోముడంటే చంద్రుడేనా? సోమవారానికీ మండేకీ ఏమైనా లింకుందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: చంద్రుడేనండి. అక్కడ లింగాన్ని చంద్రుడే ప్రతిష్ఠించాడని స్థలపురాణం, పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారుతుందని చెబుతారు, అందుకే సోమారామం అయింది. ఋగ్వేదంలో సోమం అంటే యాగంలో పిండి తీసే మొక్క రసం, తర్వాత్తర్వాత ఆ పేరు చంద్రుడికి అంటుకుపోయింది.

మండే లింకు మాత్రం నిఖార్సయింది. మూన్ పేరు మీద మండే, లూనా పేరు మీద ఫ్రెంచి వాళ్ళ లండీ, జపాన్‌లో గెత్సుయోబి, అన్నీ చంద్రుడి రోజులే, అందరికీ అదే రోజు. వారాలకి గ్రహాల పేర్లు పెట్టే పద్ధతి గ్రీకు జ్యోతిష్యంతో పాటు మన దగ్గరికొచ్చింది, ఇక్కడ్నుంచి బౌద్ధులతో చైనా మీదుగా జపాన్ దాకా వెళ్ళింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సంస్కృతం మాస, పర్షియన్ మాహ్, ఇంగ్లీషు మూన్, మంత్ ఇవన్నీ నిజంగానే ఒక్క వేరు నుంచి వచ్చిన మాటలు, ఆ వేరుకి కొలవడం అనే అర్థం చెబుతారు. మన నెలకి ఆ వేరుతో సంబంధం లేదు, అయినా మనకీ ఆకాశంలో కనపడేదీ నెలే, జీతం వచ్చేదీ నెలకే. కన్నడం తింగళు అంతే, జపాన్ త్సుకి అంతే, పైన చెప్పిన కిల్లా కూడా అంతే. టర్కీ వాళ్ళు చంద్రుణ్ణీ నెలనీ కూడా "ఆయ్" అంటారు, మన గోదారోళ్ళని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెడితే మాటకోసారి చందమామని పిలుస్తున్నారనుకుంటారు, ఆయ్!

చంద్రుడే అందరికీ క్యాలెండర్ అవడం వల్ల వచ్చిన పోలిక అది. పున్నమి నుంచి పున్నమికి సుమారు 29న్నర రోజులు, పన్నెండు నెలలకి 354, సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ పడతాయి. మనం మూడేళ్ళకోసారి అటూ ఇటూగా అధికమాసం వేసి సర్దుకుంటాం, ముస్లింలు వెయ్యరు, అందుకే రంజాన్ ఏటా ముందుకి జరుగుతుంది. అంతర్వేది దగ్గర వేటకెళ్ళేవాళ్ళకైతే చంద్రుడంటే పోటూ పాటూ కూడా, అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువని వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మాకు పాప పుట్టిందండి. చంద్రుడికి సంబంధించిన పేరు కావాలి, అందరూ పెట్టేది వద్దు.
– కొత్త నాన్న, అమలాపురం

జవాబు: కంగ్రాట్సండి. సంస్కృతంలో చంద్రుడి పేర్లు చాలావరకు మగవే, శశాంక్, సుధాకర్ అలాగ, అందుకే ఆడపిల్లలకి వెన్నెల పేర్లు పెడుతుంటాం, జ్యోత్స్న, కౌముది, చంద్రిక. అవి వద్దంటే వేదంలో పక్షాల దేవతలున్నారు. నిండు పున్నమి దేవత రాక, ఒక్క కళ తగ్గిన పున్నమికి అనుమతి, సన్నటి రేఖ ఇంకా కనపడే అమావాస్యకి సినీవాలి, అస్సలు కనపడకపోతే కుహు. రాక అని పెడితే స్కూల్లో రాకపోకలు అని ఏడిపిస్తారు, అనుమతి అంటే ఆఫీసు లెటర్‌లా ఉంటుంది. నన్నడిగితే కుహు బావుంది, కాకపోతే అది చంద్రుడు లేని రాత్రి పేరు, ఇంట్లో పెద్దవాళ్ళని ముందే ఒప్పించుకోండి.