పడిపోయిన బ్రేకర్‌ను గాల్లో మళ్లీ నొక్కడమే అసలు ప్రమాదం

సెస్నా లాంటి చిన్న విమానానికి గాల్లో మంట అంటుకుంటే పైలట్ ఆర్పలేడా అని అడిగారు. బేగంపేట వైపు తిరిగే శిక్షణ విమానాలను చూసినవాళ్లు ఎవరైనా అడిగేదే. ఇంజిన్ మంటైతే ఆర్పొచ్చు. నన్నడిగితే భయపడాల్సింది వైరింగులో పుట్టే కరెంటు మంటకే.

సెస్నా 172లో ఇంజిన్‌కీ పైలట్ కాళ్లకీ మధ్య ఫైర్‌వాల్, అంటే మంటను ఆపే రేకు గోడ ఉంటుంది. సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్ మంటను 15 నిమిషాలు ఆపాలన్నది దాని ప్రమాణం. మంట కనబడగానే మిక్స్చర్ (ఇంజిన్‌కి వెళ్లే ఇంధనం పాళ్లు మార్చే నాబ్) పూర్తిగా బయటికి లాగాలి, ఇంధనాన్ని ఆపేసే ఫ్యూయెల్ షటాఫ్ లాగాలి, ఇంధన పంపు, మొత్తం కరెంటుకు మాస్టర్ స్విచ్ ఆపాలి. క్యాబిన్ హీట్ మూయడం చాలామంది మర్చిపోతారు. ఆ వేడిగాలి వచ్చేదే మఫ్లర్ చుట్టూ ఉన్న తొడుగు నుంచి, ఫైర్‌వాల్ కన్నం గుండా. అది తెరిచి ఉంటే పొగంతా లోపలికే. తర్వాత ముక్కు దించి 100 నాట్ల (గంటకు సుమారు 185 కి.మీ.) వేగం పట్టాలి, ఆరకపోతే ఇంకా పెంచాలి. గాలి ఎక్కువై మంట నిలవలేదు. కానీ 68 నాట్ల దగ్గర వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు ఒకటిన్నర నాటికల్ మైళ్లు ఇంజిన్ లేకుండా జారే విమానం, ఈ వేగంలో అంత దూరం పోదు. కాబట్టి దిగే పొలం దగ్గర్లోనే చూసుకోవాలి. మంట ఆరింది కదా అని ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకూడదు.

అదే కరెంటు మంట మీటర్ల ప్యానెల్ వెనక రాజుకుంటే మధ్యలో ఏ రేకూ ఉండదు. వైరు తొడుగు కాలిన పొగ నేరుగా మొహంలోకి కొడుతుంది, మీటర్లు కనబడవు, సీటు దగ్గరున్న మంటలార్పే సిలిండర్‌తో కొడితే లోపలి దాకా అందదు. మాస్టర్ ఆపి మంటకు మూలమైన కరెంటు తీసేయడమే మొదటి పని.

2007 జూలై 10న అమెరికాలోని ఫ్లోరిడాలో కార్ రేసులు నడిపే నాస్కార్ సంస్థ సెస్నా 310 ఇలాగే కూలింది. ముందురోజు నడిపిన పైలట్, వాతావరణ రాడార్ ఆగిపోయిందని, కాలిన వాసన వచ్చిందని, దాని బ్రేకర్ (కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్) లాగితే వాసన పోయిందని రాసిచ్చాడు. ఎవరూ రిపేరు చేయలేదు. మర్నాడు విమానం ఎగిరింది, కాక్‌పిట్‌లో పొగ అని చెప్పి శాన్‌ఫర్డ్‌లో దిగబోతూ ఇళ్ల మీద పడింది. విమానంలో ఇద్దరు, కింద ముగ్గురు పోయారు. ఆ బ్రేకర్ మళ్లీ నొక్కి ఉంటారని, దాంతో చెడిన వైరింగ్‌కు కరెంటు వెళ్లి ఉంటుందని దర్యాప్తు అంచనా. లోపం తెలిసీ సంస్థ విమానాన్ని వదలడాన్నీ, పైలట్లు నడపడాన్నీ కారణంగా తేల్చారు.

మే నెలలో ఏసీ వేయగానే ఎంసీబీ పడితే మనం టక్కున లేపేస్తాం చూడండి, అదే అలవాటు కాక్‌పిట్‌లోకీ వస్తోంది. సురక్షితంగా దిగడానికి తప్పనిసరైన సర్క్యూట్ అయితే తప్ప గాల్లో బ్రేకర్ నొక్కొద్దు. నేల మీద కూడా, ఎందుకు పడిందో మెకానిక్ తేల్చాకే.

ఇక మన టీవీ చానెళ్లు. ప్రతి ప్రమాదానికీ "గాల్లోనే మంటలు" అని స్క్రోలింగ్. చాలా వాటిలో కూలాక ట్యాంకు పగిలి అంటుకునేదే ఎక్కువ. దర్యాప్తు చేసేవాళ్లు నలిగి మడతపడిన రేకులు విప్పి చూస్తారు. మడత లోపల కూడా మసి ఉంటే మంట ముందే ఉన్నట్టు. బయట మాత్రమే ఉంటే కూలాక వచ్చిందన్న అనుమానం బలపడుతుంది. మసి చారలు గాలివాటున వెనక్కి సాగి ఉన్నాయా అన్నదీ చూస్తారు.