గోల్ఫ్ ట్రిప్పుకి ముందు క్యాలెండర్ తియ్యండి

బెంగళూరు నుంచి నాలుగైదు రోజుల్లో ఒక పాత నగరం, కాస్త పల్లె ప్రాంతం చూసి, మధ్యలో గోల్ఫ్ ఆడి రావాలి, ఇంట్లోవాళ్ళూ వస్తారు, ఎలా ప్లాన్ చేసుకోవాలి అని అడిగారు. మైసూరు, తర్వాత కొడగు. ఇంక వేరే ఆలోచన పెట్టుకోకండి. 1876లో పెట్టిన గోల్ఫ్ క్లబ్ బెంగళూరు నడిబొడ్డునే ఉంటే చరిత్ర కోసం మైసూరు దాకా దేనికి అనేవాళ్ళు నా స్నేహితుల్లోనూ ఉన్నారు. ఆడి వచ్చి మళ్ళీ అదే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అది సెలవు ఎలా అవుతుంది?

అందరూ ఏ గోల్ఫ్ కోర్సు (ఆడే మైదానం) బాగుంటుందని మొదలుపెడతారు. ముందు వారం చూసుకోవాలి. మైసూరు ప్యాలెస్‌కి దీపాలు పెట్టేది ముఖ్యంగా ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో, అదీ రాత్రి ఏడు దాటాక కాసేపు. చాలా గోల్ఫ్ క్లబ్బులు సోమవారం మూసేస్తారు. మైసూరు జూకి మంగళవారం సెలవు. ఈ మూడూ పక్కపక్కన పెడితే మీ ప్లాన్ సగం తేలిపోయినట్టే. ఆదివారం మధ్యాహ్నానికి ఊళ్ళో దిగి రాత్రికి దీపాలు చూడండి, సోమవారం జూ, మంగళవారం తెల్లారగానే మీరు ఆటకి. ఆ పూట ఇంట్లోవాళ్ళని శ్రీరంగపట్నం పంపేయండి. 1784లో కట్టిన టిప్పు సుల్తాన్ వేసవి ప్యాలెస్ దరియా దౌలత్ గోడల మీద, ఇంగ్లీషువాళ్ళతో జరిగిన పొల్లిలూరు యుద్ధం బొమ్మలుంటాయి. మా అమ్మాయి గుర్రాలు లెక్కపెడుతూ కదల్లేదని మా ఆవిడ ఫోన్ చేసింది. నాకు కావలసిందీ అదే!

మైసూరులో ఆడాల్సింది చాముండి కొండ కింద, రేస్‌కోర్సు దగ్గరున్న జయచామరాజ ఒడెయర్ గోల్ఫ్ క్లబ్‌లో. రేసులున్న రోజు కాకుండా చూసుకోండి. మేం వెళ్ళినప్పుడు హైదరాబాద్ నుంచి మా బావమరిది వచ్చాడు, దూరం కొలిచే లేజర్ మిషన్ మెళ్ళో వేసుకుని. మాకు దొరికిన కేడీ, అంటే ఆట సామాను మోస్తూ సలహా చెప్పే మనిషి, పెద్దాయన. ఒక గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, మావాడు పట్ కొట్టాలి, బంతిని మెల్లగా హోల్‌లోకి దొర్లించాలన్నమాట. గొంతుక్కూర్చున్నాడు, లేచాడు, జెండా అవతలికెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు. "ఎడమకి తిరుగుతుంది బావా" అని తేల్చాడు. కేడీ సగం కన్నడం, సగం తెలుగులో, "కొండ ఎటుందో చూడండి సార్, నీళ్ళు ఎటు పోతాయో బాలూ అటే" అన్నాడు. మావాడు వింటేగా! కేడీ రెండోసారి చెప్పలేదు. నడుచుకుంటూ వెళ్ళి హోల్‌కి కుడివైపు, కాస్త కిందకి, భుజం మీది తుండుగుడ్డ చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు. మావాడు కొట్టాడు. బంతి కొంత దూరం బుద్ధిగా వెళ్ళి, నెమ్మదిగా కుడికి జారి, దాదాపు ఆయన బూట్ల దగ్గర ఆగింది. ఆయన వంగి, బంతి చోట ఒక నాణెం పెట్టి, బంతి తుడిచి, చేతికిచ్చాడు. మొహంలో నవ్వు కూడా లేదు. అప్పటిదాకా "ఇదిగో" అని పిలుస్తున్న మా బావమరిది తర్వాతి గ్రీన్ నుంచి "అన్నా, ఎటు?" అని అడగడం మొదలుపెట్టాడు.

అందుకే అంటాను, కోర్సు ఎవరు డిజైన్ చేశారన్నది తర్వాత, టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) బుక్ చేసేటప్పుడే సీనియర్ కేడీ కావాలని అడగండి. కేడీకి ఇవ్వడానికి చేతిలో నగదు ఉంచుకోండి. మీ క్లబ్ నుంచి లెటరూ, మీ ఆట స్థాయి చూపించే హ్యాండిక్యాప్ కార్డూ తీసుకెళ్ళండి, కాలర్ ఉన్న చొక్కా వేసుకోండి. 'హెరిటేజ్ గోల్ఫ్' అని ప్యాకేజీలు అమ్మేవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి. నాకు ఒకాయన పంపిన ప్లాన్‌లో రోజుకో ఊరు, రోజుకో కోర్సు, మధ్యలో పట్టుచీరల షాపు. ఆ షాపులో ఆయన కమీషన్ ఎంతో నేను అడగలేదు.

బుధవారం హుణసూరు, గోణికొప్ప మీదుగా విరాజపేట వైపు వెళ్ళండి. బిట్టంగాల దగ్గర కోర్సు ఉంది. వానాకాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, కొడగులో గోల్ఫ్ అనే మాటే ఎత్తకండి, గొడుగు పట్టుకోవడానికే రెండు చేతులూ చాలవు. డిసెంబర్, జనవరి అయితే కాఫీ పళ్ళు కోస్తుంటారు. తోట మధ్యలో ఉన్న హోమ్‌స్టేలో దిగండి. కళ్ళంలో ఎండబోసిన కాఫీ గింజల్ని పిల్లలు పళ్ళెంలోకి ఎత్తుతూ కూర్చుంటారు, మీరు ఎంత లేటుగా వచ్చినా అడిగేవాళ్ళుండరు. ఇక్కడ ఒక్క రౌండ్ చాలు. రెండోరోజు కూడా ఆడదామని మా బావమరిది పట్టుబడితే వాణ్ణొక్కణ్ణే పంపాం.

పనిలో పనిగా ఊటీ కూడా కలిపేద్దామని ఎవరో ఒకరు అంటారు. వద్దు. బందీపూర్ అడవి రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా మూసేస్తారు, మసినగుడి దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు. పైగా ఊటీ ఎత్తు 2,200 మీటర్ల పైనే. గాలి పలచన, బంతి మామూలుకన్నా దూరం పోతుంది. అక్కడ ఏ దెబ్బకి ఏ గోల్ఫ్ కర్ర తియ్యాలో మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి. దానికి వేరే సెలవు పెట్టుకోండి.