మొదటి నవలకు ముందున్న కథ

ప్రశ్న: పాత పుస్తకాల అంగట్లో పాట్రిషియా బ్రిగ్స్ రాసిన ‘క్రై వుల్ఫ్’ దొరికింది. తోడేళ్లుగా మారే మనుషుల ప్రేమకథ. ‘ఆల్ఫా అండ్ ఒమేగా’ వరుసలో ఇదే మొదటి నవల అంటారు గానీ, తీరా చదవబోతే నాయికా నాయకులకు అప్పటికే పరిచయం ఉంది. నాయకుడికి తగిలిన గాయం ఎక్కడిదో తెలియలేదు. ఇదే రచయిత్రి ‘మెర్సీ థాంప్సన్’ నవలలన్నీ ముందు చదవాలా? ఇంటర్ చదివే మా అమ్మాయికి ఇవ్వవచ్చునా?
— ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మీ ప్రతిలో పేజీలేవీ ఊడిపోలేదు. 2008 నాటి ‘క్రై వుల్ఫ్’ కంటే ముందే, 2007లో ‘ఆన్ ద ప్రౌల్’ అనే నలుగురు రచయిత్రుల సంకలనంలో ‘ఆల్ఫా అండ్ ఒమేగా’ పేరుతోనే ఒక నవలిక వెలువడింది. షికాగో తోడేళ్ల గుంపులో నానా హింసలు పడుతున్న ఆనా దగ్గరికి, ఆ గుంపు వ్యవహారం తేల్చడానికి చార్లెస్ వచ్చేది అందులోనే. మీరడిగిన గాయం కూడా అక్కడ తగిలినదే. ప్రకాశకుల లెక్కలో నవలిక లెక్కకు రాదు కాబోలు, దాని తరువాయి భాగానికి మొదటి నవల అన్న పేరు స్థిరపడింది. ఆ నవలిక 2014 నాటి ‘షిఫ్టింగ్ షాడోస్’ సంపుటంలో కూడా ఉంది. అయితే ఆ సంపుటంలోని మిగతా కథలను ఇప్పుడే ముట్టుకోకండి, వాటిలో కొన్ని తర్వాతి నవలల గుట్టు విప్పుతాయి.

మెర్సీ నవలలన్నీ ముందే పూర్తి చేయనక్కరలేదు గానీ, 2006 నాటి ‘మూన్ కాల్డ్’ ఒక్కటి మాత్రం నవలిక కంటే ముందు చదవడమే మేలు. వాషింగ్టన్ రాష్ట్రంలో కార్లు బాగుచేసుకుంటూ బతికే మెర్సీ, తోడేలును పోలిన కయోటి అనే చిన్న అడవి జంతువుగా మారగలదు. ఆమె పెరిగిన మొంటానా తోడేళ్ల గుంపుకు పెద్ద అయిన బ్రాన్, చార్లెస్‌కు తండ్రి. ఆ నవలలోని చిక్కుముడికి ఒక కొస షికాగోలో ఉంది కనుక, నవలిక ముందు చదివితే ఆ ముడి మీ చేతిలో ముందే విడిపోతుంది.

ఆ పైన ‘క్రై వుల్ఫ్’, ‘హంటింగ్ గ్రౌండ్’ వరుసగా చదువుకోవచ్చు. జాగ్రత్త పడవలసిన చోట్లు రెండే. 2012 నాటి ‘ఫెయిర్ గేమ్’ ముగింపులో ‘ఫే’ అనే మాయాజాతి, మనుషులతో తెగతెంపులు చేసుకుంటుంది. 2013లో వచ్చిన మెర్సీ నవల ‘ఫ్రాస్ట్ బర్న్‌డ్’ ఆ పరిణామం మీదనే నడుస్తుంది కాబట్టి, మెర్సీ కథ కూడా చదవదలచుకుంటే ‘ఫెయిర్ గేమ్’ను దానికి ముందే ముగించాలి. అలాగే 2018 నాటి ‘బర్న్ బ్రైట్’లో బ్రాన్ ఊళ్లో ఎందుకు లేడో తెలియాలంటే, మెర్సీ వరుసలోని ‘సైలెన్స్ ఫాలెన్’ ముందు చదివి ఉండాలి. అరిజోనాలో జరిగే ‘డెడ్ హీట్’కు ఇటువంటి పేచీ లేదు, ‘వైల్డ్ సైన్’ను మాత్రం ‘బర్న్ బ్రైట్’ తర్వాతనే తీయండి.

ఇక అమ్మాయి సంగతి. ఆనా గతంలో లైంగిక హింస ఉంది. మెర్సీ మూడో నవల ‘ఐరన్ కిస్డ్’ చివర జరిగే అత్యాచారం పెద్దవాళ్లనే కలచివేస్తుంది. అందుచేత ప్రస్తుతానికి ‘మూన్ కాల్డ్’ మీరు చదివి ఆమెకు ఇవ్వండి, తక్కినవి డిగ్రీలో చేరాక చూసుకోవచ్చు.