ముళ్ళు రాలుస్తున్న సీ అర్చిన్‌కు కావలసింది మందు కాదు, మేత

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె, నాన్నగారిది వనామీ రొయ్యల సాగు. నేను టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇంట్లో 40 గ్యాలన్ల పగడాల అక్వేరియం ఉంది. నాచు తింటుందని మూడు నెలల కిందట టక్సీడో అర్చిన్ (ఒంటినిండా ముళ్ళుండే గుండ్రటి సముద్ర జీవి) తెచ్చాను. నాచంతా నెలలో ఖాళీ చేసింది. వారం నుంచి ముళ్ళు రాలుతున్నాయి, పగడం ముక్కల్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది. ఆవిరైపోయిన నీటికి ప్రతి ఆదివారం 4 గ్యాలన్లు పోస్తాను. చేపలకు వాడే రాగి మందు దీనికీ వేయొచ్చా?

జవాబు: ముందు ఆ రాగి మందు సీసా తీసి దూరంగా పెట్టేయండి. చేపల తెల్లమచ్చల జబ్బు తగ్గించే మోతాదే అర్చిన్‌ను, నత్తలను, పగడాలను చంపేస్తుంది, పైగా రాళ్ళలోకి ఇంకి తర్వాత కూడా నీటిలోకి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది.

మీరు రాసినదాన్ని బట్టి నాకు రెండు అనుమానాలు, ఒకటి ఉప్పు, రెండోది ఆకలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పంతా ట్యాంకులోనే ఉండిపోతుంది. 40లో 4 గ్యాలన్లు తగ్గితే 35 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీటిలో 35 పాళ్ళు) ఉన్న ఉప్పు శనివారం రాత్రికి 39 దగ్గరకు ఎక్కుతుంది, ఆదివారం మీరు నీళ్ళు పోయగానే మళ్ళీ 35కి దిగిపోతుంది. ఎండాకాలం చెరువులో ఉప్పు ఎక్కి, ఒక్క పెద్ద వానకు పడిపోతే రొయ్యకు ఎంత టెన్షనో నాన్నగారిని అడగండి. రొయ్య కనీసం ఒంట్లో ఉప్పును సర్దుకోగలదు. అర్చిన్‌కు ఆ శక్తి లేదు, బయట నీరు ఎంత ఉప్పగా ఉంటే దాని లోపలి ద్రవమూ దాదాపు అంతే. కాబట్టి తగ్గినంత ఆర్వో నీరు ఏ రోజుకారోజు పోయండి, లేదా తనంతట తనే నింపే పరికరం పెట్టుకోండి. ఇప్పుడు ఉప్పు ఎక్కువగా ఉంటే ఒకేసారి దించొద్దు, రెండు మూడు రోజుల్లో నెమ్మదిగా 35కి తీసుకురండి.

ఇక మేత. నాచు అయిపోయాక రెండు నెలలుగా అది రాళ్ళ మీది గులాబీరంగు పెచ్చును (అదీ ఒక రకం గట్టి నాచే) గీక్కుని బతుకుతోందని నా అంచనా. దగ్గరగా చూడండి, ఐదు పళ్ళతో గీకిన చోట చిన్న నక్షత్రంలా తెల్లటి గుర్తులుంటాయి. సుషీకి వాడే నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు), ఉప్పూ నూనే లేనిది, రెండంగుళాల ముక్క చీకటి పడ్డాక దాని ముళ్ళకు తాకించండి. ప్రాణం గట్టిగా ఉంటే ముళ్ళ సందుల్లోంచి సన్నటి దారాల్లాంటి నాళికాపాదాలు సాగి ఆకును పట్టుకుని, మెల్లగా కిందికి, నోటి దగ్గరకు లాక్కుంటాయి. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం అది. రోజు విడిచి రోజు ఇవ్వండి, మిగిలింది పొద్దున్నే తీసేయండి.

పగడం ముక్కలు మోయడం జబ్బు కాదు, దాని అలవాటే. ముక్కల్ని జెల్ జిగురుతో రాయికి అతికించి, మోసుకోవడానికి నాలుగు ఖాళీ నత్తగుల్లలు వేయండి. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు), ఆల్కలినిటీ (నీటి క్షారత్వం) దాని కొలమానమైన డీకేహెచ్‌లో 8, 9 మధ్య నిలకడగా ఉంచండి, దాని గుల్లా ముళ్ళూ తయారయ్యేది వాటితోనే. అద్దానికి అంటుకుని ఉన్నప్పుడు బలవంతంగా పీకకండి, పాదాలు తెగిపోతాయి.

1983లో కరీబియన్ సముద్రంలో నాచు తినే డయాడెమా రకం అర్చిన్లు నూటికి తొంభైకి పైగా చచ్చిపోతే చాలాచోట్ల పగడాల దిబ్బల్ని నాచు కప్పేసింది. మీ ట్యాంకులోనూ నాచును అదుపులో ఉంచేది ఇదే, అందుకే దాన్ని ఆకలితో పోగొట్టుకోవద్దు అంటున్నాను.

ఇక్కడి పాఠకులకు ఒక మాట: మన దేశంలో రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో ఉన్నాయి, సముద్రం నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే నేరం.

చర్మం బాగుంటే రాలిన ముళ్ళు కొన్ని వారాల్లో మళ్ళీ వస్తాయి. అలా కాక ముళ్ళు గుత్తులుగా ఊడి, ఆ చోట నల్లటి మచ్చ పెరుగుతుంటే మాత్రం వెంటనే వేరే తొట్టిలోకి మార్చండి. పాదాలు కదలక చచ్చిపోయిందని తేలితే గంట కూడా ఉంచొద్దు, ఇంత చిన్న ట్యాంకులో అమ్మోనియా త్వరగా ఎక్కుతుంది.